డిలీట్ నొక్కినా తెరుచుకోని మా బేస్‌మెంట్ కంప్యూటర్

మీ ఇంట్లో కంప్యూటర్ సలక్షణంగా పనిచేస్తోందా? అయితే మీ కుటుంబాన్ని తలచుకుంటేనే నాకు బెంగగా ఉంది.

మా ఇంట్లో పాడైంది. పాడైందంటే మామూలుగా కాదు. తెర వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, మెయిల్ కూడా వస్తుంది. ఒక్క బయోస్ మాత్రం తెరుచుకోదు!

బయోస్ అంటే ఏమిటని నన్నడగకండి, ఇంటర్మీడియెట్‌తో పుస్తకాలు అటకెక్కించినదాన్ని. నాకర్థమైందేమిటంటే, కంప్యూటర్ ఆన్ చేయగానే, విండోస్ రాకముందే, డిలీట్ కీ టకటకా కొడితే దాని లోపలి సెట్టింగులన్నీ కనబడే తెర ఒకటి వస్తుందట. మాదానికి రాదు. కంపెనీ బొమ్మ తళుక్కుమంటుంది, మాయమవుతుంది, విండోస్ వచ్చేస్తుంది. అంతే!

దేశం కాని దేశంలో, ఇంతకన్నా గొప్ప వరం ఈ ట్రాయ్ ఊళ్ళో ఏ తల్లికైనా దక్కిందా?

ఎలాగంటారా? మా షాలోమ్ ఆడే గేమ్ ఈమధ్య ఓ షరతు పెట్టింది. బయోస్‌లోకి వెళ్ళి ఏదో సెక్యూరిటీ సెట్టింగ్ ఆన్ చేస్తేనే ఆడనిస్తుందట. బయోస్ తెరుచుకోదు, కాబట్టి గేమ్ లేదు. గేమ్ లేదు, కాబట్టి పదహారేళ్ళ మావాడు బేస్‌మెంట్ మెట్లెక్కి పైకి వచ్చాడు. వాణ్ణి పగటి వెలుతురులో చూశాను. మీసం మొలిచింది! ఎప్పుడు మొలిచింది? కన్నతల్లికి ఎవరైనా చెప్పాలా వద్దా?

బల్ల దగ్గర కూర్చుని అన్నం తిన్నాడు. "మమ్మీ, ఈ గ్రీన్ థింగ్ ఏంటి? బాగుంది" అన్నాడు.

"గోంగూర నాన్నా. నీకు పళ్ళు రాకముందు నుంచీ చేస్తున్నాను."

అబద్ధమెందుకు, ఇది వరమని మొదట నాకు తెలియలేదు. మొదట భయమే వేసింది. నాకు ఏదైనా మొదట భయమే వేస్తుంది. కంప్యూటర్ పేలుతుందేమో, ఇల్లు అంటుకుంటుందేమో, ఫైరింజన్ వాళ్ళు వచ్చి కాగితాలు అడుగుతారేమో, మావారి వీసా రెన్యూవల్ ఆగిపోతుందేమో! పైగా వాడు అస్తమానం డిలీట్ డిలీట్ అని కొడుతుంటే, లోపల ఏం చెరిగిపోతోందో ఎవరికి తెలుసు? మా పెళ్ళి ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి.

అందుకే ఆదివారం మా తెలుగు చర్చిలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు నేనే లేచి, "మా అబ్బాయి కంప్యూటర్ కొరకు" అన్నాను.

ఆమేన్ అనేలోపే సగంమంది మగవాళ్ళు కారు తాళాలు తీశారు. మా సంఘంలో ఇంజినీరు కానివారు పాస్టరుగారొక్కరే. ఆయన కూడా ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశారు.

మా గుమ్మం ముందు చెప్పులూ బూట్లూ గుట్టపడ్డాయి. అందరూ బేస్‌మెంట్లోకి దిగారు. దిగి కంప్యూటర్‌ని ముట్టుకున్నారనుకున్నారా? ముందు కాల్ పెట్టుకున్నారండీ! ఒకే గదిలో పక్కపక్కన కూర్చుని, ఎవరి ఫోన్లో వాళ్ళు చేరి, "నా వాయిస్ వినబడుతోందా?" అని ఒకరినొకరు అడిగారు.

"ఎఫ్ టూ కొట్టినవా షాలోమ్?" అన్నాడు నీరజ్ బ్రదర్.

"కొట్టా అంకుల్."

"ఎఫ్ ట్వెల్వ్?"

"అదీ కొట్టా."

"ఎస్కేప్?"

"ఎవ్రీథింగ్ కొట్టా అంకుల్!"

"మా ఆఫీస్‌ల అయితే ఇది వేరే టీమ్ చూస్తది" అని నీరజ్ వెనక్కి వాలాడు.

"అదేంటి బ్రదర్, నువ్వు కార్ల బ్రేకులకే సాఫ్ట్‌వేర్ రాస్తావు కదా!" అన్నారు మావారు జయరాజు.

"బ్రేక్‌లు ఈజీ అన్నా. ఆపుడే కదా. దీన్ని తెరవాలె."

బజ్జీల పళ్ళెం పట్టుకుని నేను మెట్ల మీదే ఆగిపోయాను. ఎందుకంటే అప్పుడే మా సంఘంలోని భాస్కర్ అన్నయ్య కుర్చీ లాక్కుని మావాడి పక్కన కూర్చున్నారు. "తొందరేం లేదమ్మా, నెమ్మదిగా చెప్పు. ఇలా ఎప్పటినుంచి? అంతకుముందు బాగానే ఉండేదా? మధ్యలో ఏమైనా మారిందా?" అని అడిగారు.

మావాడు చెప్పాడు! ఆగకుండా చెప్పాడు! సగం తెలుగు, సగం ఇంగ్లీషు, చేతులు తిప్పుతూ, నవ్వుతూ, మధ్యలో బజ్జీ నములుతూ. వాడి గొంతు అంత బొంగురు పోయిందని నాకు ఆరోజే తెలిసింది. మా ఇంట్లో ఒక వాక్యంలో ఇన్ని మాటలు వాడతాడని కూడా ఆరోజే తెలిసింది. పాడైన కంప్యూటర్‌కి జోహార్లు అని ఆ మెట్టు మీదే అనుకున్నాను.

"ఏం మారలేదు అంకుల్. ఓన్లీ కీబోర్డ్. మమ్మీ మార్చింది."

అందరూ మెట్లవైపు తిరిగారు.

మరి మార్చనా? వసంతకాలంలో మంచు కరిగి బేస్‌మెంట్లోకి నీళ్ళొస్తాయి. ఆ కీబోర్డుకేమో ఇంత పొడుగు వైరు. నీళ్ళలో వైరు, వైరు చివర నా కొడుకు! అందుకే అది పీకేసి, వైరు లేని బ్లూటూత్ కీబోర్డు తెచ్చిపెట్టాను. తప్పా?

తప్పేనట. ఆ బ్లూటూత్‌ది విండోస్ వచ్చాకే మేలుకుంటుందట. అప్పటిదాకా ఎంత బాదినా కంప్యూటర్‌కి వినబడదట.

"వైరున్న పాతది ఉందా చెల్లెమ్మా?" అన్నారు భాస్కర్ అన్నయ్య.

"చూస్తానన్నయ్యా" అని పైకి వచ్చాను.

చూడ్డానికేముంది? రైస్ కుక్కర్ అట్టపెట్టెలో ఉంది. నేను పెట్టిందే. ముందు టీ పెట్టాను. టీ పొంగింది, తుడిచాను. కింద మావాడు ఏదో అన్నాడు, అందరూ ఘొల్లున నవ్వారు. ఏమన్నాడో వినబడలేదు. ఇంకాసేపు తుడిచాను. చివరికి "మమ్మీ, దొరికిందా?" అని కేకేశాడు. తీసుకెళ్ళి ఇచ్చాను.

డిలీట్ నొక్కగానే తెరుచుకుంది. రాకెట్ ఎగిరినట్టు అందరూ చప్పట్లు. "మమ్మీ, కమ్! చూడు!" అని పిలిచాడు మావాడు. వెళ్ళి చూశాను. నీలంగా ఉంది, బాగానే ఉంది. సెట్టింగ్ మార్చారు, గేమ్ వచ్చింది, వాడి చెవులకు హెడ్‌ఫోన్స్ ఎక్కాయి. అంకుల్స్ ఎవరి చెప్పులు వాళ్ళు వెతుక్కుని వెళ్ళిపోయారు.

మర్నాడు కార్లో అడిగాను. "స్కూల్ ఎలా ఉంది నాన్నా?"

"ఫైన్."

బొమ్మ తళుక్కుమంది, మాయమైంది. నేనూ నాకు తెలిసిన కీలన్నీ నొక్కాను. చికెన్ వండాను, అలిగాను, చివరికి ఆ గేమ్ పేరు కూడా నేర్చుకున్నాను. భాస్కర్ అన్నయ్యలా నెమ్మదిగా అడిగాను. ఆయనకి చెప్పిందే నాకు చెప్పడానికి వాడికేం?

అయ్యా, ఒక పెట్టె తెరుచుకోకపోతే ఊళ్ళో ఇంజినీర్లందరూ దిగుతారే! మనిషి తెరుచుకోకపోతే ఏ కీ నొక్కాలో చెప్పేవాడు ఒక్కడూ లేడేం?

మావాడికి తెలుగు చదవడం రాదు కాబట్టి మిగతాది ధైర్యంగా రాస్తున్నాను. నిన్న సాయంత్రం గేమ్‌కి కొత్త అప్‌డేట్ వచ్చింది. బయోస్‌లో ఇంకేదో మార్చాలట. వైరు ప్రమాదం కదా, మళ్ళీ బ్లూటూత్‌దే పెట్టి, ఆ పాత కీబోర్డు నేను ఆదివారమే తీసి దాచేశాను.

"మమ్మీ, ఆ వైర్ కీబోర్డ్ ఎక్కడ?"

"వెతుకుతున్నాను నాన్నా. ఈలోపు కూర్చో, అన్నం పెడతాను."

కూర్చున్నాడు. గోంగూర అడిగి వేయించుకున్నాడు. వాళ్ళ స్కూల్లో ఎవరో వాడి పేరును వెక్కిరిస్తున్నారట. అదీ ఎప్పటినుంచో. నెమ్మదిగా, పళ్ళెంలోకి చూస్తూ చెప్పాడు.

ఇది చదివిన అంకుల్స్‌లో ఏ ఒక్కరైనా వాడి చెవిన వేశారో, మా ఇంట్లో బజ్జీలు ఇక మర్చిపోండి! నేనింకా వెతుకుతూనే ఉన్నాను. అల్మరాలు చూశాను, గరాజ్ చూశాను, మంచం కింద కూడా చూశాను. ఇల్లంతా గాలిస్తున్నాను, ఒక్క రైస్ కుక్కర్ పెట్టె తప్ప.