అట్ట లోపలి అగ్గి

ఆ ఉదయం బైండింగ్ మేస్త్రీ వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. గ్రంథాలయం వాళ్ల పుస్తకానికి కొత్త అట్ట వేయాలి. దాన్ని పట్టుకెళ్లి గ్రంథాలయ సమితి అధ్యక్షుడికి ఇచ్చి, ఏడాది పని అప్పగించే కాగితం మీద ఆయన చేత సంతకం పెట్టించుకోవాలి. ఇంటికొచ్చి తిని, ఒక కునుకు తీయాలి. సంతకం పడితే దుకాణం ఏడాది పాటు నడుస్తుంది. పడకపోతే దుకాణానికి తాళం, మేస్త్రీకి మామగారిల్లు.

ఇవ్వవలసిన పుస్తకం మాత్రం మామూలుది కాదు. ఎప్పటివాడో ఒక ఫ్రెంచి కవి రాసిన పద్యాల సంపుటికి ఇంగ్లీషు అనువాదం. అచ్చయిన కొత్తలో కవిని కోర్టుకు లాగారని, ఫలానా పద్యాలు జనం చదవరానివని జడ్జి తేల్చాడని ముందుమాటలో ఉంది. అధ్యక్షుడు ఆ ముందుమాట దాటి పోలేదు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. చేతిలో ఎర్ర పెన్సిలు లేకుండా ఏ కాగితమూ ముట్టుకోడు కాబట్టి అందరూ ఆయన్ని ఎర్ర పెన్సిల్ మాస్టారు అనేవారు. జడ్జి తప్పుపట్టిన పద్యాల మీద ఆయన చదవకుండానే అడ్డగీతలు గీసి మేస్త్రీ చేతికిచ్చాడు.

"ఈ పేజీలు కోసి పొయ్యిలో పెట్టు. బూడిద కూడా మిగలకూడదు."

మేస్త్రీ పేజీలు కోశాడు. బుట్టలో పడేశాడు. ఈ ఉదయం పొయ్యి మీద పిండి జిగురు కుతకుత ఉడుకుతుంటే ఆ సంగతి గుర్తొచ్చింది.

"ఏమే, ఆ బుట్టలో కాగితాలు పొయ్యిలో తొయ్యి. కాల్చావా అని అడుగుతాడాయన."

"బుట్టలో ఏముందండీ? ఊడ్చిపెట్టినట్టుంది," అంది భార్య.

ఇద్దరూ ఒకేసారి కత్తెర బల్ల వైపు తిరిగారు. అక్కడ మేస్త్రీ బావమరిది ఈల వేసుకుంటూ అట్టలు కత్తిరిస్తున్నాడు. ఈల ఆగిపోయింది.

"ఒరేయ్, ఆ కాగితాలేవిరా?"

"కాలుస్తారా ఎవరైనా అలాంటి కాగితాన్ని? మందంగా, పాతబంగారం రంగులో ఉంది. అస్తరు కాగితం అయిపోయిందని నువ్వే కదా బావా మొన్న సణుక్కున్నావు? వాడేశాను."

అస్తరంటే అట్ట లోపలి వైపు అతికించే కాగితం. పుస్తకాన్ని అట్టకు పట్టి ఉంచేది అదే. ఆ దుకాణం పుట్టినప్పటి నుంచీ అస్తరు తెల్లగానే ఉంది.

"అచ్చు వైపు లోపలికి తిప్పి అంటించావు కదూ?" అడిగాడు మేస్త్రీ.

"నాకేమన్నా పిచ్చా? పైకే తిప్పాను. ఇంగ్లీషు అక్షరాలు కదా, అట్ట తెరవగానే రాజసంగా ఉంటుందని."

"నీకు ఇంగ్లీషు చదవడం వచ్చట్రా?"

"అంటించడానికి చదవడమెందుకు బావా?"

"ఏ పుస్తకాలకి అంటించావు?"

"డాక్టరమ్మ గారి వైద్య పత్రికలకి. లాయరు గారి చట్టాల పుస్తకానికి. ఇంకా..." బావమరిది అక్క వైపు జరిగాడు. "మాస్టారు సొంతంగా రాసుకున్న 'బాలల నడవడి'కి. సమితి సభ్యులకు పంచుతానన్న ప్రతులు. పెద్దవాళ్లు కదా అని వాటికి మంచి మంచి పేజీలు ఏరి మరీ వేశాను. నిన్నే అందరికీ అందాయి."

మేస్త్రీ చతికిలబడ్డాడు. పడింది జిగురు పూసిన అట్ట మీద.

"తల పట్టుకుని కూర్చుంటే పనవదు," అంది భార్య. "మీరు డాక్టరమ్మ దగ్గరికెళ్లండి. వీడు లాయరు దగ్గరికెళతాడు. పుస్తకాలు తెచ్చేస్తే ముందు ఆ రెండూ సర్దుదాం. మాస్టారి సంగతి తర్వాత."

"నా వెనకాల అట్ట ఊడటం లేదే."

"మన జిగురు అంత మంచిదండీ. చొక్కా కిందికి లాక్కుని నడవండి."

ఆస్పత్రి వరండాలో రోగులు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. ఎంతసేపటికీ లోపలి నుంచి పిలుపు లేదు. మేస్త్రీ తలుపు తోసి చూశాడు. డాక్టరమ్మ వైద్య పత్రికల సంపుటం తెరిచి, అట్ట లోపలి వైపే కన్నార్పకుండా చూస్తోంది.

"అమ్మా, అది పొరపాటున పడింది. తీసేసి తెల్లది వేసి తెస్తాను."

"ముట్టుకోకు!" డాక్టరమ్మ పుస్తకాన్ని గుండెకు హత్తుకుంది. "ఈ కవి దగ్గరేదో చచ్చిపోయిందయ్యా. ఖాళీ గొలుసు చేత్తో పట్టుకుని ఏడుస్తున్నాడు. ఇంటికొస్తే గుమ్మంలో తన కోసం ఎదురుచూసింది అదొక్కటేనట. ఏది చచ్చిపోయింది? పద్యం మొదలెక్కడ?"

"మొదలా?"

"పాతికేళ్లుగా మనుషుల గుండెల మీద గొట్టం పెట్టి వింటున్నాను. ఈయన ఏ గొట్టమూ లేకుండా విన్నాడు." ఆవిడ గొంతు తగ్గించింది. "ఇలా అట్టల్లో దాచి కవిత్వం పంచుతున్నావని నాకు ఇన్నాళ్లూ తెలీదు. భయపడకు, ఎవరికీ చెప్పను. మొదలు మాత్రం నాకు కావాలి. పద."

మేస్త్రీ ఏదో అనబోయేలోపే ఆవిడ చెప్పులేసుకుంది. "పది నిమిషాల్లో వస్తాను," అని రోగులకు చెప్పి ముందు నడిచింది. వెనకాల అట్ట పటపటమంటుంటే మేస్త్రీ పరుగెత్తాడు.

దుకాణంలో లాయరు అప్పటికే ఉన్నాడు. చట్టాల పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది. బావమరిది ఉరిశిక్ష పడ్డవాడిలా పక్కన నిలబడ్డాడు.

"మేస్త్రీ, నువ్వు అసాధ్యుడివయ్యా!" లాయరు భుజం తట్టాడు. "మీవాడంతా చెప్పాడు. కోర్టు నిషేధించిన రచనని తెచ్చి చట్టాల పుస్తకంలోనే దాచావా? ఎవడు వెతుకుతాడక్కడ? నీ కేసు నేను వాదిస్తాను."

"నా మీద కేసు పడిందా?" మేస్త్రీ బల్ల పట్టుకున్నాడు.

"ఇంకా లేదు. పడుతుందిలే."

డాక్టరమ్మ ఇవేవీ వినలేదు. లాయరు పుస్తకం మీదికి వంగి చదువుతూ అర్థం చెప్పింది. "నా అసూయని నేను కుక్కపిల్లలా తెచ్చుకుని పెంచాను. నా వంతు ముద్ద దానికే పెట్టాను. పక్కింటి కిటికీలో దీపం వెలిగితే చాలు, మొరిగేది." ఆవిడ చివాలున తలెత్తింది. "చచ్చిపోయింది కుక్క! ఆయన అసూయ! కానీ మధ్యలో ఏమైంది?"

"మధ్యలోది ఈ పేజీకి వెనక వైపుంటుంది," అన్నాడు లాయరు. "అది జిగురులో ఉంది."

అందరూ మేస్త్రీని చూశారు. మేస్త్రీ భార్యను చూశాడు. ఆవిడ పొయ్యి మీద జిగురు గిన్నె దించి నీళ్ల గిన్నె పెట్టింది.

"ఆవిరి పడితే వస్తుంది. పుస్తకం ఇలా పట్టుకోండి లాయరు గారూ. కోటు తడుస్తుంది, విప్పేయండి."

లాయరు కోటు విప్పాడు. ఆవిరి గదంతా కమ్ముకుంది. మేస్త్రీ పలచటి బద్దని అంచు కింద దూర్చి, పసిపిల్ల కనురెప్ప ఎత్తినంత నెమ్మదిగా పేజీని లేపాడు. డాక్టరమ్మ తడి కాగితాన్ని అరచేతుల్లో పట్టుకుంది.

"అది ఊళ్లో ఎవర్నీ కరవలేదు," అని చదివింది. "ప్రతిరోజూ నన్నే కరిచింది. అయినా దాని గొలుసు వదల్లేకపోయాను."

మేస్త్రీ ఎన్నో వేల పుస్తకాలకు అట్టలు వేశాడు. లోపల ఏముందో ఎన్నడూ అడగలేదు. సముద్రాలు దాటి, ఒక భాషలోంచి ఇంకో భాషలోకి దూకి, తన జిగురులో మునిగి తేలి కూడా ఈ మాటలు చావలేదు.

"నా దగ్గరా ఉందండీ ఒకటి," అంది భార్య మెల్లగా. "ఎదురింటావిడ కొత్త పరదాలు కనిపించినప్పుడల్లా మొరుగుతుంది."

"ఇందులో కోర్టుకు తప్పేం కనిపించింది లాయరు గారూ?" అన్నాడు బావమరిది.

"నిజం ఇంత దగ్గరికొచ్చి చెబితే ఎవడికైనా భయమేనయ్యా."

"అవును," అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

ఆవిరిలోంచి ముందుగా ఎర్ర పెన్సిలు కనిపించింది. దాని వెనక మాస్టారు. చంకలో 'బాలల నడవడి'.

మేస్త్రీ రెండు చేతులూ జోడించాడు. "మాస్టారూ, తప్పంతా మా బావమరిదిది!"

"బావా!"

"పొద్దుటి నుంచి ఫోన్లు," అన్నాడు మాస్టారు ఎవర్నీ చూడకుండా. "సమితి సభ్యులు. నా పుస్తకం అట్ట తెరిచారట. పద్యం కింద ఎవరి పేరూ లేదు. నేనే రాసి ఇంగ్లీషులో వేయించాననుకున్నారు. నా రాతలు చూసి ఇన్నేళ్లలో 'బాగుందండీ' అనేసి ఊరుకున్నవాళ్లే అందరూ. ఇవాళ ఒకాయన ఫోనులో ఏడ్చాడు."

"మీరు రాయలేదని చెప్పారా?" అడిగాడు లాయరు.

"చెప్పాను." మాస్టారు పెన్సిలు వేళ్ల మధ్య తిప్పాడు. "వెంటనే కాదు. నాలుగో ఫోనుకు చెప్పాను. ఇప్పుడు మీరు చదివిన ఆ కుక్క అంతసేపూ నా కాళ్ల దగ్గరే ఉంది."

మాస్టారు తన పుస్తకం తెరిచాడు. పాతబంగారు పేజీకి అడ్డంగా ఆయన గీసిన ఎర్ర గీత.

"చదవకుండా గీశాను. ఇప్పుడు ఆ గీత కింద అక్షరాలు సరిగ్గా కనబడి చావడం లేదు. పైగా సగంలో తెగిపోయింది. ముందు నాకు ఆవిరి పట్టమ్మా!"

"వరసలో రండి మాస్టారూ," అంది మేస్త్రీ భార్య. "డాక్టరమ్మ గారి తర్వాత మీరు."

జీవితమంతా పిల్లల్ని వరసలో నిలబెట్టిన మనిషి, డాక్టరమ్మ వెనక బుద్ధిగా నిలబడ్డాడు. ఇదే అదనని మేస్త్రీ ఏడాది పని కాగితం ఆయన ముందు పెట్టాడు. మాస్టారు కళ్లు గిన్నె మీది నుంచి తిప్పకుండా ఎర్ర పెన్సిలుతోనే సంతకం గీకేశాడు.

"ఆ పేజీలన్నీ పుస్తకంలో మళ్లీ కుట్టెయ్. సభ్యుల ప్రతులు నేను వెనక్కి తెప్పిస్తాను. ఇస్తారో లేదో మరి."

సభ్యులు ఇచ్చారు, మిగతా పద్యాలు తమను చదవనివ్వాలన్న షరతు మీద. కానీ ఆ సాయంత్రం సమితి సమావేశంలో తర్వాత నిషేధించవలసిన పుస్తకం ఏదన్నది మాత్రం తేలలేదు. ప్రతి సభ్యుడూ తాను ఎప్పటి నుంచో చదవాలనుకుంటున్న పుస్తకాన్నే నిషేధించాలని పట్టుబట్టాడు.