గాలి ఆడని గాలి సొరంగం

"ప్రవాహాల అల్లకల్లోలం మీద పరిశోధనలో ఆఫ్రికా మొత్తానికీ దిక్సూచి మన ప్రయోగశాల."

మా డీన్ ఒఫోసు-అపెంతెంగ్ గారు ఈ మాట ప్రతి సమావేశంలోనూ అంటారు. దిక్సూచి సంగతి నాకు తెలియదు గానీ, కుమాసీలోని మా గాలి సొరంగంలో, అంటే గాలిని తోలి దాని తీరు పరీక్షించే పెద్ద గొట్టంలో, ఫ్యాను మోటారు కాలిపోయి రెండేళ్లయింది. ఆ రెండేళ్లలో డీన్‌గారు అందులోని గాలి మీద పదకొండు వ్యాసాలు ప్రచురించారు.

నా పేరు ఎఫువా క్వాన్సా. వెంట్రుక కంటే సన్నటి తీగను వేడిచేసి గాలికి పెట్టి, అది చల్లబడే తీరును బట్టి గాలి వేగం ఎలా ఎగిరెగిరి పడుతోందో కొలవడం నా పని. తుమ్మితే తెగే తీగలవి. వాటితో పదమూడేళ్లు గడిపాను. నన్ను ప్రొఫెసర్ని చేయవలసిన ఫైలు మాత్రం నాలుగేళ్లుగా డీన్‌గారి బల్ల మీద చెక్కుచెదరకుండా ఉంది.

రాజధాని అక్రాలోని విశ్వవిద్యాలయం నుంచి తనిఖీ బృందం వస్తోందని కబురు రాగానే ఆయన నన్ను పిలిచారు.

"చూడమ్మా ఎఫువా, నీ పాత కొలతలు తెర మీద ఆడించు. ఫ్యాను చప్పుడు స్పీకర్లో పెడదాం."

"అది మోసం కదండీ?"

"మోసమేముంది, కొలతలు నీవే కదా. గురువారం నీ ఫైలు మీద సంతకం పెడదామనుకుంటున్నా మరి."

సిగ్గుపడుతూనే ఒప్పుకున్నాను.

బృందానికి నాయకురాలిగా డాక్టర్ ఎసీ బైడూ గారు వచ్చి సొరంగం మూతి దగ్గర నిలబడ్డారు. స్పీకర్ హోరెత్తింది. తెర మీద గీత గంతులేసింది. సభ్యులు తలలూపారు. ఆవిడ తలగుడ్డ కొస మాత్రం కదలలేదు.

"ఒక్కసారి ఫ్యాను ఆపండి," అన్నారావిడ.

కంగారులో స్పీకర్ ఒక్కటే ఆపాను. గీత గంతులేస్తూనే ఉంది.

"చూశారా మేడమ్," అన్నారు డీన్‌గారు తొణక్కుండా, "గాలి ఆగినా అల్లకల్లోలం ఆగదు. ఇది మా విభాగం కనుక్కున్న విషయం."

సభ్యులు అది రాసుకోవడం మొదలుపెట్టారు. ఇక నా వల్ల కాలేదు.

"అబద్ధం మేడమ్. మోటారు కాలిపోయి రెండేళ్లయింది. ఆ గీత అంతకు ముందు నేను కొలిచింది."

డీన్‌గారు పైకప్పును పరిశీలించసాగారు. బైడూ గారు నా చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్లారు. మెచ్చుకుంటారో మందలిస్తారో తెలియకుండానే వెంట నడిచాను.

"అది నిజంగా కొలిచిందేనా?"

"నిజంగానే మేడమ్."

"అందుకే అంత ముచ్చటగా ఉంది. నాకో పెన్‌డ్రైవ్‌లో వేసివ్వమ్మా. అక్రాలో మా సొరంగం మోటారు పోయి అయిదేళ్లు. కంప్యూటర్‌తో గీయించిన గీత పది నిమిషాలకోసారి మళ్లీ మొదటికొస్తోంది, పిల్లలు పసిగట్టేస్తున్నారు. సోమవారం మాకూ తనిఖీ ఉంది. వచ్చేది మీ డీన్‌గారే."

"అలా ఇవ్వలేను మేడమ్. మోటారు బాగుచేయించండి, నేనే వచ్చి కొలిచిపెడతాను."

ఆవిడ నా వంక జాలిగా చూశారు.

గురువారం నా ఫైలు కదిలింది, బల్ల మీంచి బీరువాలోకి. నెల తిరిగేసరికి నివేదిక వచ్చింది: "ప్రయోగశాల అత్యుత్తమం. గాలి లేని అల్లకల్లోలంపై పరిశోధన కొనసాగించవలెను. డాక్టర్ క్వాన్సాకు మాత్రం ప్రయోగాల మీద శ్రద్ధ చాలదు."