దర్జీగారి కూతురి యూనిఫారం

సోమవారం నుంచి మా చెల్లి బడికి వెళ్తుందనీ, కనుక మా నాన్న మనసు ఎవరూ నొప్పించరాదనీ మా అమ్మ ప్రకటన జారీ చేసింది. చెల్లి మనసు గురించి ప్రకటనలో ఏమీ లేదు. చెల్లికి నాలుగేళ్లు. వారం రోజులుగా సంచి భుజాన తగిలించుకుని గుమ్మంలోనే అన్నం తింటోంది. ఆమె ధైర్యం మీద ఎవరికీ అనుమానం లేదు.

మా నాన్న దర్జీ. బడి పక్కనే దుకాణం. బడి యూనిఫారాలు చాలావరకు ఆయనే కుడతారు. పిల్లల్ని తొలిసారి బడికి పంపుతూ కళ్లనీళ్లు పెట్టుకునే తల్లులకు ధైర్యం కూడా ఆయనే చెబుతారు. "చదువుకేగా తల్లీ పంపుతున్నావు, యుద్ధానికా? ఊరుకో. నువ్వు చెయ్యెత్తరా బంగారం, కొలత తియ్యాలి" అని ఆయన చేసిన ఉపన్యాసాలతో ఎన్నో కుటుంబాలు నిలదొక్కుకున్నాయి.

మా బడికి ఒక ఉత్తమమైన నియమం ఉంది. యూనిఫారం వేసుకుని చదువు రాకపోయినా ఫరవాలేదు. చదువు వచ్చినా యూనిఫారం లేకపోతే గేటు తీయరు. ఈ నియమంలో ఉన్న సదుపాయాన్ని నాన్న ఒక్కరే గుర్తించారు.

సోమవారం ఉదయం, "కాజాలొక్కటే మిగిలాయి, రేపిచ్చేస్తా" అన్నారు. మంగళవారానికి కొలతలు పాతబడ్డాయి. ఒక్క రోజులో పిల్ల పెరిగి ఉండవచ్చునని మళ్లీ టేపు పట్టారు. పెరగలేదు. అయినా ముందుజాగ్రత్తగా స్కర్టు అంచు విప్పేశారు. బుధవారం దారం రంగు కలవలేదు. ఈ మూడు రోజుల్లోనే ఇతరుల పిల్లలవి పదకొండు జతలు చెప్పిన వేళకు చేతికిచ్చారు. ఆయన వృత్తి జీవితంలో ఇలాంటిది అంతకుముందు జరగలేదు.

"ఏమయ్యా, అందరి పిల్లలకీ కుట్టావు. నీ కూతురి దగ్గరికొచ్చేసరికి చేతులు పడిపోయాయా?" అంది అమ్మ.

"పసిది. దాహమేస్తే నోరు తెరిచి అడగడం కూడా రాదు" అన్నారు నాన్న.

"ఇదా? నిన్న పక్కింటావిడని మంచినీళ్లడిగి, కూర్చుని తాగడానికి ఆవిడ కూర్చున్న కుర్చీ కూడా అడిగింది."

గురువారం చెల్లి ఓపిక నశించింది. పాత గౌనులోనే, తన ఈడుదే అయిన పక్కింటి పిల్ల వెనకాల బడికి వెళ్లిపోయింది. పది నిమిషాల్లో హెడ్‌మిస్ట్రెస్ ఆమె చెయ్యి పట్టుకుని మా దుకాణానికి వచ్చారు. చెల్లిని బడిలో చేర్పించింది అమ్మ కాబట్టి ఈ పిల్ల ఎవరి కూతురో ఆవిడకు తెలియదు. పరీక్షలకు చదువుకోమని సెలవులిచ్చారు కాబట్టి నేను దుకాణంలో గుండీలు కుడుతూ ఇదంతా చూశాను.

"క్రమశిక్షణ విద్యకు పునాది. యూనిఫారం క్రమశిక్షణకు పునాది. ఆ పునాదిని, ఈ పిల్ల చెప్పినట్టు, నాలుగు రోజులుగా కాజాలు లేకుండా ఆపినవాడు జాతి భవిష్యత్తునే ఆపుతున్నాడు. మీకు తోటి దర్జీలందరూ తెలుసు కదా, ఎవరో కనుక్కోండి. అలాంటివాణ్ణి వదలకూడదు" అన్నారు ఆవిడ.

"అస్సలు వదలకూడదండీ" అన్నారు నాన్న, నేల చూస్తూ.

"మా నాన్నే, టీచర్!" అంది చెల్లి. "రోజూ కుడతాడు, రోజూ విప్పుతాడు."

రెండు నెలలుగా ప్యాంటు కోసం తిరుగుతున్న పెద్దాయన, "హమ్మయ్య, నా ఒక్కడికే అనుకున్నా" అన్నారు.

ఇరవై నిమిషాల్లో కాజాలు, అంచు అన్నీ పూర్తయ్యాయి. నాన్న చెల్లిని స్టూలు మీద నిలబెట్టి చొక్కా గుండీలు పెట్టారు. ఆఖరి గుండీ దగ్గర వేళ్లు సాగలేదు. ముప్పై ఏళ్లుగా ఒక్కసారికే సూదిలో దారం ఎక్కించిన వేళ్లవి. చెల్లే పెట్టుకుని, స్టూలు మీంచి దూకి, వెనక్కి చూడకుండా పరిగెత్తింది.

ఆ పగలంతా నాన్న మిషను తొక్కారు. ఒక పెద్దమనిషి చొక్కాకు రెండు చేతులూ ఒకే పక్కన కుట్టారు. "తిన్నదంటావా? ఎవరైనా గిల్లి ఉంటారా?" అని నన్ను అడిగిందే అడిగారు. నేను "తింటుంది నాన్నా", "గిల్లేది అదే నాన్నా" అని చెప్పిందే చెప్పాను.

గంట కొట్టడానికి అరగంట ముందే వెళ్లి గేటు దగ్గర నిలబడ్డారు. వెంట నన్నూ తీసుకెళ్లారు, ఎందుకైనా మంచిదని. చెల్లి వచ్చింది. ముక్కు మీద సుద్ద, ఊడిన రిబ్బను. నాన్న ఆమెను ఎత్తుకుని గుండెకు హత్తుకున్నారు. కళ్లు తుడుచుకున్నారు. గొంతు సవరించుకున్నారు.

"ఎన్ని అక్షరాలు రాశావమ్మా?"

"మూడు!"

"మరి పక్కింటి పిల్ల?"

"ఐదు."

నాన్న ఆమెను కిందికి దించారు.

పసిపిల్ల విద్యార్థిని కావడానికి మా ఇంట్లో ఒక పగలు పట్టింది. మీ ఇళ్లలో ఇంకాస్త త్వరగానే అయిపోయి ఉంటుంది. మీరంతా చదువుకున్నవాళ్లు కదా.