మర్రిగూడలో ముత్యాల ధర

చాటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతుండగా నాకు తెలియవచ్చిన విషయమేమంటే, ఈ భూమిని ఇంతకాలం రాజులూ సైన్యాలూ సర్వేయర్లూ కలిసి విభజించినదంతా వృథా శ్రమ. సరైన విభజన మొన్ననే జరిగింది. చేసింది ఒక ఫోన్ ఆట కంపెనీ.

ఆట పేరు 'పచ్చతోట'. అందులో చేరిన ప్రతి మనిషికీ ఒక పొలం ఉచితంగా ఇస్తారు. విత్తనం ఉచితం, ఎరువు ఉచితం, నాగలి ఉచితం. నీళ్ళు మాత్రం ముత్యాలకు అమ్ముతారు. ముత్యాలను రూపాయలకు అమ్ముతారు. (నీళ్ళనే నేరుగా రూపాయలకు అమ్మొచ్చు కదా అని కొందరు అడుగుతారు. అలా అమ్మితే అది వ్యాపారం అవుతుంది. ముత్యాలకు అమ్మితే ఆట అవుతుంది.)

ఈ ముత్యాలను ఎవరూ చూడలేదు. సముద్రంలోంచి తీయరు, లారీలో రావు, గోదాములో పెట్టరు. కాబట్టి రవాణా ఖర్చు లేదు. అయినా వాటి ధర ఊరిని బట్టి మారుతుంది. ఎవరు ఎంత ఇచ్చుకోగలరో అంతే తీసుకోవడం న్యాయమని కంపెనీ నమ్మకం. అందుకోసం 'ప్రాంతీయ స్తోమత నిర్ధారణ విభాగం' అని ఒకటి పెట్టారు. దాని ప్రధానాధికారి మన దేశాన్ని నగర వలయం, బైపాస్ వలయం, మెట్ట వలయం అని మూడు చేశారు. ఐదువందల ముత్యాల మూట షాద్‌నగర్‌లో మూడువందల తొంభై తొమ్మిది రూపాయలు. కల్వకుర్తిలో రెండువందల నలభై తొమ్మిది. మా మర్రిగూడలో డెబ్బై తొమ్మిది.

షాద్‌నగర్‌లో లిఫ్టులున్న ఇండ్లు వచ్చాయి కాబట్టి అది నగరం. కల్వకుర్తి మీద విభాగంలో రెండు రోజులు చర్చ నడిచిందట. శ్రీశైలం పోయేవాళ్ళు అక్కడ దిగి చాయ్ తాగుతారు కాబట్టి కొంత స్తోమత ఉన్నట్టేనని చివరికి తేల్చారు. మర్రిగూడ మీద చర్చ జరగలేదు.

ఇదంతా నాకెందుకు తెలిసిందంటే, మా బాపు ఐలేశానికి ఆ ఆటలో నూట పది బత్తాయి చెట్లున్నాయి.

మా అసలు పొలంలో కూడా ఒకప్పుడు నూట పదే ఉండేవి. ఏడు బోర్లు వేశాక, ఏడోది కూడా దుమ్మే పోశాక, చెట్లు కొట్టించి పత్తి పెట్టాం. ఆ సంగతి మా ఇంట్లో ఎవరం మాట్లాడుకోం. బాపు మాత్రం ఫోన్‌లో ఒక్కో చెట్టూ పెట్టుకుంటూ పోయాడు, అవే వరసలు, అదే ఎడం. పొద్దున లేవగానే మొహం కూడా కడుక్కోకుండా ముందు తోట చూసుకుంటాడు.

"గా ఫోన్ల కాసిన కాయ పిండి, నాకొక్క గిలాసెడు రసం తాపు" అంటుంది అమ్మ, పొయ్యి దగ్గర్నుంచి.

"నవ్వు, నవ్వు. రెండో కాపు మీదున్నది తోట" అంటాడు బాపు, తల ఎత్తకుండా.

పెండ్లయి ఇరవై ఆరేండ్లైనా వీళ్ళిద్దరికీ ఇంకా మాట్లాడుకోవడానికి ఒక పంట ఉందని నాకు సంతోషంగానే ఉండేది.

వేసవి వచ్చింది. మా ఊరికి వచ్చినట్టే ఆటలోకి కూడా వచ్చింది. దానికి 'గ్రీష్మ మహోత్సవం' అని పేరు. ఆదివారం సాయంత్రం ఆరు గంటల్లోగా 'బోరుబావి ప్యాక్' డౌన్‌లోడ్ చేసుకోని తోటలన్నీ ఎండిపోతాయని కంపెనీ గంటకోసారి గంట మోగించి మరీ చెప్పసాగింది. ఆ ప్యాక్ ధర ఐదువందల ముత్యాలు. బాపు దగ్గర పదకొండు ముత్యాలున్నాయి. అవి పండుగలకు కంపెనీ ఉచితంగా ఇచ్చినవాటిలో తోట తడపగా మిగిలినవి.

మంగళవారం మధ్యాహ్నం బాపు ఫోన్ పట్టుకుని దడదడ ఇంట్లోకి వచ్చాడు.

"బిడ్డా, గిది జర సూడు. ఆన్‌లైన్ సెంటర్ సురేశ్ ఫోన్ల ముత్యాల మూట డెబ్బై తొమ్మిది సూపిస్తాంది. నా ఫోన్ల నాలుగొందలు సూపిస్తాంది. ఒక్కటే ఊరు, ఒక్కటే ఆట. ఏందే గిది?"

నేను నిబంధనలు తెరిచి చదివాను. (ఆ నిబంధనలను మొదటిసారి చివరిదాకా చదివిన మనిషిని నేనేనని అనుకుంటున్నాను. పంతొమ్మిదో పేజీలో రాసినవాళ్ళు కూడా అలిసిపోయినట్టు తెలుస్తుంది.) నిబంధన పద్నాలుగు ప్రకారం, ఖాతా ఎక్కడ తెరిస్తే ప్రాంతం అదే. మనిషి ఎక్కడ పుట్టాడు, ఎక్కడ బతుకుతున్నాడు అన్నది విభాగం పరిధిలోకి రాదు. ఈ ఫోన్ మా నాగేందర్ బావ ఇచ్చాడు. బావ మా మేనత్త కొడుకు, షాద్‌నగర్‌లో ఒక పైపుల కంపెనీలో పని. ఫోన్‌లో ఆట పెట్టి, ఖాతా కూడా అక్కడే తెరిచి ఇచ్చాడు. ఆ విధంగా మా బాపు రెండేండ్లుగా తనకు తెలియకుండానే షాద్‌నగర్‌లో స్థిరపడ్డ పెద్దమనిషి.

బాపు వెంటనే బావకు ఫోన్ కలిపాడు.

"గంతేనా మామా? గా నాలుగొందలు నేను కొడ్త తీ" అన్నాడు బావ.

"పైసల ముచ్చట కాదు అల్లుడా. షాద్‌నగరోని రేటు నాకెందుకేస్తడు? నేను గా ఊర్ల బస్సు దిగిందే మూడు సార్లు."

"ఫోనుకు గవన్ని ఏం తెలుసు మామా?"

"తెల్వకుంటె చెప్పాలె. నాది మెట్ట అని చెప్పాలె."

"మెట్ట అని చెప్పుకునుడుకు గంత కొట్లాట ఎందుకే?"

"హక్కు, అల్లుడా" అన్నాడు బాపు. ఫోన్ పెట్టేశాడు.

బుధవారం బాపూ నేనూ సురేశ్ దగ్గరికి పోయాం. ప్రాంతం మార్పు దరఖాస్తులో కంపెనీ అడిగేవి రెండే: పిన్‌కోడ్, కారణం. అంతే. ఇంత చిన్న దరఖాస్తును చూసి బాపుకు అనుమానం వచ్చింది.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఏ ఆఫీసుకు పోయినా, వాళ్ళు అడిగినా అడగకపోయినా, భూమి పాస్‌బుక్ జిరాక్స్ జత చేస్తాం. బ్యాంకుకు పోతే పెడతాం, దవాఖానకు పోతే పెడతాం. మా చిన్నాయన ఒకసారి పిల్లను చూడబోయి బిస్కెట్ల ప్లేటు పక్కన పెట్టి వచ్చాడు. సంబంధం కుదిరింది కూడా.

"కాకా, ఇండ్ల పాస్‌బుక్ అడుగతలేరు" అన్నాడు సురేశ్.

"అడగకున్నా పెట్టు. రేపు అడుగుతె మల్ల తిరుగుడైతది."

"ఎక్కుతలేదు కాకా, ఫైలు పెద్దగున్నది."

"చిన్నగ చేసి ఎక్కియ్యి. భూమి రకం మెట్ట అని ఉన్నకాడ మంచిగ కనవడాలె. నీళ్ళు వానకే అని ఉన్నది సూడు, గదీ కనవడాలె."

కారణం ఒక్క వాక్యంలో రాయమన్నారు. బాపు చెప్తుంటే నేను రాశాను. "మా మండలంలో భూమిలో నీళ్ళు లేనందున, నేను వేసిన ఏడు బోర్లూ ఎండిపోయినందున, బత్తాయి తోట కొట్టివేసి పత్తి పెట్టుకొని బతుకుచున్నందున, నాకు మెట్ట రేటు ఇప్పించగలరని ప్రార్థన." వాక్యం ఒకటే. ఆ సంగతిని బాపు నోటితో చెప్పగా నేను వినడం అదే మొదటిసారి. సురేశ్ దాన్ని మరోసారి చదివి పంపాడు. తర్వాత ముప్పై రూపాయలు తీసుకున్నాడు.

గురువారం జవాబు వచ్చింది. ప్రధానాధికారి మా దరఖాస్తును ప్రత్యేక శ్రద్ధతో పరిశీలిస్తున్నారు. అయితే క్షేత్ర పరిశీలన నిమిత్తం, దరఖాస్తుదారు నిలబడే నేల ఫోటో ఒకటి పంపాలి.

ఇక్కడ కంపెనీ మా ఊరిని తక్కువ అంచనా వేసింది. కరువు చూడడానికి పెద్దవాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళను ఏ చెలకలో నిలబెట్టాలో, ఏ బోరు మోటరు వేసి గాలి చప్పుడు వినిపించాలో, ఏ ముసలమ్మను ముందుకు పంపాలో మాకు తరాల అనుభవం ఉంది. బాపు ఎండ నడినెత్తి మీదికి వచ్చేదాకా ఆగాడు. పొలంలో అన్నిటికంటే పెద్ద నెర్రె ఎక్కడుందో వెతికాడు. నెర్రె పక్కన తన చెప్పు విడిచి పెట్టాడు.

"చెప్పెందుకు బాపూ?"

"నెర్రె ఎంత ఎడం ఉన్నదో కొలత దొరకాలె కదా. ఆగు, ఆగు, తియ్యకు."

ఫోటోలో మూలకు రెండు గడ్డిపోచలు పచ్చగా కనిపిస్తున్నాయి. బాపు వంగి వాటిని పీకి దూరంగా పారేశాడు.

"ఇగ తియ్యి" అన్నాడు.

ఆ ఫోటో ఎంత బాగా వచ్చిందంటే, సురేశ్ దాన్ని తన సెంటర్‌లో నమూనాగా అంటించుకుంటానన్నాడు.

శనివారం ఉత్తర్వు వెలువడింది. మా ఆధారాలు విభాగాన్ని ఎంతగానో కదిలించాయని, ఇంత సంపూర్ణమైన రుజువు మునుపెన్నడూ ఏ వినియోగదారుడూ సమర్పించలేదని రాశారు. మెట్ట వలయం మా స్థితికి సరిపోదని భావించి, కొత్తగా 'అతి మెట్ట' అనే ఉపవలయాన్ని ఏర్పాటు చేశారు. అందులో ప్రస్తుతానికి ఒక్క సభ్యుడే ఉన్నాడు. ఆయనకు ఐదువందల ముత్యాలు పంతొమ్మిది రూపాయలు.

బాపు ఆ సాయంత్రం ఊరంతా తిరిగాడు. "సురేశ్‌కు డెబ్బై తొమ్మిది. నాకు పంతొమ్మిది" అని ఆటతో ఏ సంబంధమూ లేని మనుషులకు కూడా చెప్పాడు. బావకు ఫోన్ చేసి ప్రత్యేకంగా చెప్పాడు. అమ్మ కూడా ఆ రోజు వెక్కిరించలేదు. "ఆఫీసోళ్ళ మీద గెల్చినోణ్ణి మొదటిసారి సూస్తున్న" అంది.

ఆదివారం నాలుగు గంటలకు బాపు స్నానం చేసి, ఉతికిన అంగీ వేసుకుని, గడప దగ్గర పీట వేసుకుని కూర్చున్నాడు. ఫోన్ నా చేతికిచ్చాడు. పంతొమ్మిది రూపాయలు పోయాయి. ఐదువందల ముత్యాలు వచ్చాయి. గల్లుమని చప్పుడైంది.

"ఇగ బోరు దించు" అన్నాడు బాపు.

దుకాణం తెరిచాను. అందులో బోరుబావి ప్యాక్ లేదు.

మళ్ళీ మూసి తెరిచాను. లేదు. నిన్నటిదాకా అది ఉన్నచోట 'దిష్టిబొమ్మ అలంకరణ ప్యాక్ (రంగు చొక్కాతో)' ఉంది. సహాయ కేంద్రానికి రాశాను. జవాబు వెంటనే వచ్చింది. వాళ్ళ మర్యాదకు వంక పెట్టలేం.

"నమస్కారం ఐలేశం గారూ. దుకాణంలోని సరుకు వినియోగదారుని ప్రాంతాన్ని బట్టి ఉంటుంది. మీరు సమర్పించిన పత్రాలు, కారణం, ఛాయాచిత్రం ప్రకారం మీ ప్రాంతంలో బోరు వేసినా నీళ్ళు పడవు. పడని బోరును వినియోగదారులకు అమ్మడం మా విలువలకు విరుద్ధం."

నేను చదివి వినిపించాను. బాపు విన్నాడు.

"సరే తీ. తోట సూపియ్యి" అన్నాడు.

తోట తెరిచాను. నూట పది చెట్లలో ఒక్కటీ లేదు. వాటి స్థానంలో చక్కగా, వరసగా, మోకాలెత్తు పత్తి ఉంది. పైన ఒక రంగుల పట్టీ మీద 'మీ పొలాన్ని మీ ప్రాంతానికి అనుగుణంగా మార్చాం. అభినందనలు!' అని రాసి ఉంది. కాగితం పూలు రాలుతున్నాయి.

"ఆరు కాలె కదనే ఇంకా" అన్నాడు బాపు. ఆయన గొంతు సురేశ్ సెంటర్‌లో కారణం చెప్పినప్పటిలా ఉంది. "ఆరు దాకా టైమున్నదంటిరి గద."

"ఎండిపోలేదు బాపూ. కంపెనోళ్ళే మార్చిన్రు."

"నాలుగొందలు కడ్త అని రాయి. కావాల్నంటె ఐదొందలు కడ్త. నన్ను మల్ల షాద్‌నగర్ల ఎయ్యమను. నా చెట్లు నాకియ్యమను."

రాశాను. జవాబు మళ్ళీ వెంటనే వచ్చింది. ఒక ఖాతాకు ప్రాంతం మార్పు ఒకసారే. కొట్టివేసిన చెట్లను తిరిగి ఇచ్చే సదుపాయం ఏ వలయంలోనూ లేదు. తోట కొట్టివేసి పత్తి పెట్టుకున్నట్టు వినియోగదారుడే స్వయంగా రాసి ఉన్నందున, కంపెనీ ఆ ప్రకారమే నడుచుకుంది. ఇంకేమైనా సహాయం కావాలా?

బాపు లేచి, తువ్వాల దులిపి భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కున్నాడు.

"చాయ్ అయితాంది, యాడికి?" అంది అమ్మ లోపల్నుంచి.

బాపు గడప దాటి వెళ్ళిపోయాడు.

ఫోన్ నా చేతిలోనే ఉంది. కాసేపటికి గంట మోగింది.

"ఐదు నిమిషాలుగా మీరు ఏమీ మాట్లాడలేదు. మీరు సంతృప్తి చెందినట్టు నమోదు చేసుకున్నాం."