గుమ్మం దాటితే నేరం

"ఈ ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి," అంటూ ఆర్లిస్ పెనంలో గుడ్డు తిరగేసింది.

"దానికి గుడ్లు వేయించడం రాదు కదా, నువ్వే ఉండు," అన్నాడు డెల్మార్.

గొడవంతా భోజనాల గది మూలనున్న పాత స్లాట్ మెషిన్ గురించి. నాణెం వేసి పిడి లాగి ఆడే ఆ జూదం యంత్రం వాళ్ల పెళ్లికన్నా పాతది. పాడైపోయినదాన్ని డెల్మార్ ఓ వేలంలో కొని, రెండు చలికాలాలు గరాజ్‌లో కూర్చుని ఒక్కో స్ప్రింగూ సరిచేశాడు. ఉద్యోగం మానేశాక అతని చేతిలో బాగుపడింది అదొక్కటే. దానివల్ల థాంక్స్‌గివింగ్ పండగ విందుకి అందరికీ కుర్చీలు పట్టడంలేదన్నది ఆర్లిస్ బాధ.

కూతురు జోడీ అప్పటికే దాని ఫోటో అమ్మకానికి నెట్‌లో పెట్టింది. మిస్సోరి నదికి అవతల కొనేవాడు దొరికాడు. డెల్మార్ మెషిన్‌ను దుప్పటిలో చుట్టి ట్రక్కులోకి ఎక్కించాడు. వంతెన దగ్గరపడుతుండగా జోడీ ఫోన్ చేసింది. ఆమె ఓ లాయరు దగ్గర పనిచేస్తుంది.

"నాన్నా, ఆగు! వంతెన ఎక్కకు! ఇంత పాతది మన వైపు ఇంట్లో ఉంచుకోవచ్చు. అవతలి రాష్ట్రంలో మాత్రం ముత్తాతల నాటిదైనా నేరమేనట. పట్టుకుంటే పగలగొట్టేస్తారట!"

"కొనేవాడికి ఆ సంగతి తెలీదా?"

"తెలుసు కాబట్టే అంత మర్యాదగా మాట్లాడాడు."

"పోనీ ఇటువైపే ఎవరికైనా అమ్మితే?"

"దానికి లైసెన్సు కావాలో అక్కర్లేదో మా లాయరు చూసి చెప్తానన్నాడు. అందాకా దేన్నీ అమ్మకు."

అతను ట్రక్కు వెనక్కి తిప్పాడు. ఆర్లిస్‌కి ఫోన్ చేస్తే, "ఆ మూల తుడిచేశాను. మళ్లీ తెస్తే తలుపు తీయను," అంది. గత్యంతరం లేక దాన్ని చర్చి నేలమాళిగలో దింపాడు. కారుతున్న చర్చి పైకప్పు బాగుచేయించే చందాల కోసం ఆ సాయంత్రం అక్కడ సూప్ విందు. "చూడ్డానికి మాత్రమే" అని అట్టముక్క మీద రాసి మెషిన్ మీద పెట్టి, ఇంటికెళ్లి స్నానం చేసి ఆర్లిస్‌తో తిరిగొచ్చాడు.

వచ్చేసరికి ఆ అట్టముక్క వేడి సూప్ గిన్నె కింద ఉంది. జన్మలో పేకముక్క ముట్టని ముసలమ్మలు మెషిన్ ముందు నాణేలు పట్టుకుని వరుసకట్టారు.

"వెర్లా, ఆపించు! ఇది జూదం!" అన్నాడు విందు నడిపిస్తున్నావిడతో.

"నోరు కడుక్కో డెల్మార్! దేవుడి కప్పుకి వేసే నాణెం చందా అవుతుంది కానీ జూదమెలా అవుతుంది?"

"డబ్బులేసి ఆడితే మన వైపు కూడా నేరమే! పట్టుకెళ్లి ముక్కలు చేస్తారు!"

అప్పటికే వరుసలో ముందున్న మనిషి పిడి లాగేశాడు. మూడు చెర్రీపళ్లు వరుసగా నిలిచాయి. నాణేలు గలగలా రాలాయి. హాలంతా చప్పట్లు. గెలిచిన మనిషి నవ్వుతూ ఇటు తిరిగాడు. ఒంటిమీద యూనిఫారం, రొమ్మున బిళ్ల. అతను షెరిఫ్ ఆఫీసులో పోలీసు, డిప్యూటీ క్లింట్.

డెల్మార్ మెషిన్‌కి అడ్డంగా నిలబడ్డాడు. "క్లింట్, నిజం చెప్పు. పట్టుకెళ్తావా?"

క్లింట్ మెషిన్ వంకా, తన చేతిలోని నాణేల వంకా చూసుకున్నాడు. "పట్టుకెళ్తే ఆడినవాళ్ల పేర్లు రాయాలి. మొదటి పేరు నాదే." నాణేలన్నీ చందా డబ్బాలో పోసేశాడు. "వెనక తలుపు దగ్గర ట్రక్కు పెట్టు. ఓ పక్క నేను పట్టుకుంటాను. ఇంటికి తీసుకెళ్లి ఇంట్లోనే ఉంచు."

ఇల్లు చేరాక, చీకట్లో దుప్పటి తీసి మెషిన్‌ను అన్నివైపులా తడిమి చూసుకుంటున్న మొగుణ్ని చూసి ఆర్లిస్, "లోపల ఏమైనా విరిగిందా?" అని అడిగింది.

"లేదు."

ఆమె వెళ్లి తలుపు బార్లా తీసింది.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నాక, బంగాళాదుంపల గిన్నె అందిస్తూ ఆర్లిస్ నెమ్మదిగా చెప్పింది:

"మెషిన్ ఇక్కడే ఉంటుంది. అది ఏ తప్పూ చేయకుండా బతకగలిగిన చోటు ఈ మూల ఒక్కటే."

"మరి థాంక్స్‌గివింగ్‌కి కుర్చీలు చాలవు కదమ్మా?" అంది జోడీ.

"మీ ఆయన వంటింట్లో తింటాడు."

ఆ ఏర్పాటుకి మాత్రం నదికి రెండువైపులా చట్టానికి అభ్యంతరం లేదు.