దిక్కులేని మైదానం

పాత గోడౌన్ల వెనక ఉన్న ప్రభుత్వ మైదానం ఇన్నాళ్ళూ దిక్కూమొక్కూ లేకుండా పడి ఉందని ప్రభుత్వం వారు ఎట్టకేలకు గుర్తించారు. అది అందరిదీ కావడమే దాని దురదృష్టమట. అందుచేత దాని మీద హక్కులను యోగ్యుడైన ఒక ప్రైవేటు వ్యక్తికి బదలాయించి, ఆ అనాథకు ఒక ఇంటిపేరు ప్రసాదించాలని నిర్ణయించారు. నిర్ణయం అయిపోయింది కనుక ఇక ప్రజల అభిప్రాయం తెలుసుకోవడం ఒక్కటే మిగిలింది. మా ప్రభుత్వం ప్రజల్ని అడక్కుండా ఏ పనీ చెయ్యదు. చేసేశాకైనా సరే, అడిగి తీరుతుంది. కాబట్టి బహిరంగ సమీక్ష ఏర్పాటయింది.

ఆ యోగ్యుడు షట్టర్ల బావగారు. ఊళ్ళో దుకాణాల షట్టర్లు సగం ఆయనవే. మా ఊళ్ళో ఆయనకు పిల్లనిచ్చినవాళ్ళు ఎవరూ లేరు, అయినా ఊరందరికీ ఆయన బావగారే. అద్దె కట్టేవాడికి ఏదో ఒక వరస కావాలి కదా!

సమీక్ష తాలూకు నోటీసును చట్టప్రకారం ఆ స్థలంలోనే అతికించారు. అంతకు ముందే బావగారు ప్రజల సౌకర్యార్థం మైదానం చుట్టూ గోడ కట్టించి, గేటు పెట్టించి, గేటుకు తాళం వేయించారు. హక్కులు ఇంకా రాలేదు గానీ, గోడకి హక్కులెందుకని ఆయన అభిప్రాయం. నోటీసును గోడకు లోపలి వైపు అంటించారు. బయటైతే వానకు తడిసిపోతుందట. లోపల వాన ఎందుకు పడదో మేమెవరమూ అడగలేదు. చదవాలంటే లోపలికి పోవాలి, పోతే అక్రమ ప్రవేశం కింద కేసు. ఇంత గుట్టుగా జరిగిన బహిరంగ సమీక్షను నేనైతే మరొకటి ఎరగను.

ఈ సంగతి మొదట తెలిసింది బ్రేకక్కయ్యకు. కారు నడపడం నేర్పే మనిషి. పక్క సీట్లో కూర్చుని "బ్రేకూ!" అని ఆమె పెట్టే కేకకు గోడౌన్ల మీది పావురాలు కూడా లేచిపోయేవి. మా ఊళ్ళో స్టీరింగు పట్టిన ప్రతివాళ్ళూ ఆ కేక తిన్నవాళ్ళే. మైదానంలో పాత టైర్లు పేర్చి, వాటి చుట్టూ ఎనిమిది అంకె వేయించేది. భర్త పోయాక ఆ పాత కారే ఆమె ఇంటిని లాక్కొస్తోంది. నేర్పడానికి చోటు చూపిస్తేనే డ్రైవింగు స్కూలుకు అనుమతి. చోటు పోతే అనుమతి పోతుంది, అనుమతి పోతే ఆ కారు పాత ఇనుము కొట్టుకు పోతుంది. ఒకరోజు పొద్దున్నే కొత్త శిష్యురాలితో వచ్చేసరికి మైదానానికి గేటు మొలిచి ఉంది. ఊచల్లోంచి తొంగి చూసి, ఎదుటి గోడ మీది నోటీసును కష్టపడి చదివి, ఆ రోజే ఇల్లిల్లూ తిరిగింది.

"నువ్వు ఊరుకో అక్కయ్యా, మేమంతా లేమూ?" అన్నారు ప్రతి ఇంట్లోనూ. ఆ మాట నమ్ముకుని ఆమె వచ్చింది. ఆ మాట ప్రకారమే మేమూ వచ్చాం.

సమీక్ష రోజున గేటు తీశారు. షామియానా, కుర్చీలు, మైకు, టీ అన్నీ బావగారివే. సమీక్షాధికారిగారు వేదిక ఎక్కి గొంతు సవరించుకున్నారు.

"మహాజనులారా! ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్నారు పెద్దలు. ఈ మైదానమే ఆ గొర్రె! దీన్ని కాపాడటానికి త్యాగబుద్ధితో ఒక కాపరి ముందుకొచ్చారు. స్థలం ఆయన పేరున ఉంటుంది, ఆనందం మాత్రం మీ అందరిదీ!"

"కాపరా, కసాయా?" అని నా పక్కనున్న దర్జీ గొణిగాడు. గొణిగి, అందరితోపాటు చప్పట్లు కొట్టాడు.

ఇక్కడ మా ఊరి చప్పట్ల గురించి ఒక మాట చెప్పాలి. ఎవరు మాట్లాడటం ఆపినా మేం చప్పట్లు కొడతాం. నచ్చి కాదు, ఆపారని. మొదట్లో ఊపిరి పీల్చుకోవడానికి కొట్టేవాళ్ళం, తరవాత మర్యాద అయింది, ఇప్పుడు చేతులు వాటంతట అవే లేస్తున్నాయి. ప్రజల్లోని ఈ సుగుణాన్ని గమనించే కాబోలు, సమీక్ష నియమావళిలో ఒక నిబంధన చేర్చారు: "సభికుల ఆమోదాన్ని కరతాళధ్వనుల ఆధారంగా నమోదు చేయవలెను." గుమాస్తా దాన్ని మైకులో చదివి వినిపించాడు కూడా. చదవడం ఆపగానే దానికీ కొట్టాం.

తరవాత అభ్యంతరాలు పిలిచారు. బ్రేకక్కయ్య లేచింది. ఆమె చీర కుచ్చిళ్ళకు ఇంకా గ్రీజు మరక ఉంది.

"అయ్యా, ఈ జాగా పోతే నా బతుకు పోతుందండీ," అంది నేరుగా.

"చాలా మంచిది. అంటే, వినడానికి బాధగా ఉంది," అన్నారు అధికారిగారు. "నష్టపోయేవాళ్ళకే అభ్యంతరం చెప్పే అర్హత ఉంటుంది. మీరీ స్థలాన్ని వాడుతున్నట్టు ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకోవడమేంటండీ? పదిహేనేళ్ళుగా ఇక్కడే నేర్పుతున్నా. నా అనుమతి కాయితంలో కూడా ఈ జాగానే రాశారు."

"అది రవాణా శాఖ వారి ముచ్చట. మాది భూముల శాఖ. రాసుకోవయ్యా! ఈవిడ పదిహేనేళ్ళుగా ప్రభుత్వ భూమిని ఆక్రమించినట్టు స్వయంగా ఒప్పుకున్నారు. ఆక్రమణదారులకు అభ్యంతరం చెప్పే అర్హత లేదు. ఈవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళెవరైనా సభలో ఉంటే వాళ్ళ పేర్లు కూడా రాసుకో. జరిమానా పడుతుంది."

ఎంత చక్కని న్యాయం చూడండి. స్థలంతో సంబంధం లేనివాడికి నష్టం లేదు కనుక మాట్లాడకూడదు. సంబంధం ఉన్నవాడు నేరస్థుడు కనుక మాట్లాడకూడదు. మిగిలిన ప్రజలందరూ స్వేచ్ఛగా మాట్లాడవచ్చు.

బ్రేకక్కయ్య అధికారి వైపు నుంచి మా వైపు తిరిగింది.

"ఇక్కడ బండి నేర్చుకున్నవాళ్ళు చేతులెత్తండమ్మా. ఒక్క చెయ్యి చాలు. మీరందరూ ఎత్తితే ఎంతమందికని జరిమానా వేస్తారు?"

దర్జీ చేతులు చంకల్లోకి పోయాయి. బడిపంతులుగారికి జేబులో ఏదో అత్యవసరంగా వెతుక్కోవలసి వచ్చింది. అధికారిగారి కారు డ్రైవరు టైర్లో గాలి చూసుకోవడానికి వంగినవాడు మళ్ళీ లేవలేదు. పోయిన నెలే ఆమె దగ్గర రివర్సు నేర్చుకున్న బావగారి చిన్నకోడలు టీ కప్పును రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. నేనా? నేను వెనక వరసలో ఉన్నాను, ఎత్తినా కనబడదు. అందుకని ఎత్తలేదు.

బ్రేకక్కయ్య బల్ల మీది మైకు అందుకుంది. "సరే. మీ భయం మీది," అంది. "రేపు మీ పిల్లలకి నడివీధిలో, బస్సుల మధ్య నేర్పిస్తారు కదా, అప్పుడు పక్కన కూర్చుని బ్రేకెవరు తొక్కుతారో కాస్త ఆలోచించండి." మైకు బల్ల మీద పెట్టేసింది.

మాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంత సూటిగా మాట్లాడిన మనిషిని మేం చూసి ఎన్నాళ్ళయింది! ఆమె ఆపింది. షామియానా ఎగిరిపోయేలా చప్పట్లు కొట్టాం. పంతులుగారైతే లేచి నిలబడి మరీ కొట్టారు.

గుమాస్తా అధికారిగారి చెవిలో ఏదో అడిగాడు. ఆయన తల ఊపి మైకు అందుకున్నారు. "నేటి సమీక్షలో అత్యధిక కరతాళధ్వనులు ఇప్పుడే నమోదయ్యాయి. దీన్నిబట్టి హక్కుల బదలాయింపునకు ప్రజల ఆమోదం ఏకగ్రీవంగా లభించినట్టు ప్రకటిస్తున్నాను. ఈ ఘట్టానికి తోడ్పడిన సోదరికి ప్రత్యేక ధన్యవాదాలు. ఆక్రమణను ఆవిడ సాయంత్రంలోగా తొలగించాలి."

ఆయన ఆపారు. మేం మళ్ళీ కొట్టాం.

సభ ముగిశాక బ్రేకక్కయ్య ఒక్కతే టైర్లు మోసుకొచ్చి కారు డిక్కీలో వేసుకుంటోంది. బావగారి మనుషులు గేటు దగ్గర తాళం పట్టుకుని ఎదురుచూస్తున్నారు. మాకు మనసొప్పలేదు. దర్జీ, పంతులుగారు, నేను ఆమె దగ్గరికి వెళ్ళాం.

"ఏం మాట్లాడావక్కయ్యా! సభ దద్దరిల్లిపోయిందనుకో!" అన్నాడు దర్జీ.

ఆమె టైరు కింద పడేసి నిటారుగా నిలబడింది. "మరి చెయ్యెత్తమంటే ఒక్కడూ ఎత్తలేదేంరా?"

దర్జీ ముఖం చిన్నబోయింది. నిజం చెప్పొద్దూ, మా అందరికీ మనసు చివుక్కుమంది. ఇంత చేసినా ఈవిడకి విశ్వాసం లేదే అనిపించింది.

"అంత మాటన్నావేంటక్కయ్యా?" అన్నాడు దర్జీ బాధగా. "నువ్వడిగింది ఒక్క చెయ్యే కదా. మేం నీకోసం రెండు చేతులూ నొప్పెట్టేలా కొట్టాం!"