ఎదురింటికి వెళ్లిన జావ గిన్నె

నవ్వకుండా వింటానంటేనే చెప్తాను. సరే, నవ్వండి. మా ఆవిడ రాజ్యశ్రీ ఎలాగూ ముందే నవ్వేసింది, ఇక మీరు నవ్వితే పోయేదేముంది!

మా ఆవిడకి రొమ్ము కేన్సర్ అని తేలి, ఆపరేషనయ్యి, కీమోలు నడుస్తున్నాయి. ఇంకొక్కటే మిగిలింది. ఆ ఒక్కటీ అయిపోతే చాలని నేను కనిపించిన దేవుడికల్లా దణ్ణం పెడుతున్నాను. డాక్టరమ్మేమో, "వికారం అంటూ తిండి మానేస్తున్నారు. బరువు ఇంకా తగ్గితే చివరి కీమో వాయిదా వేయాల్సొస్తుంది. మాత్రలు వేళకి వేయండి. ఘాటు వాసనలొద్దు, చల్లారాక పెట్టండి, కొంచెం కొంచెంగా తినిపించండి" అంది.

తినిపించడమేగా! నేనెవర్ని? వన్‌టౌన్‌లో చీరల కొట్టు సేల్స్‌మన్ దుర్గాశంకర్ని. వద్దు వద్దంటూ చెప్పులేసుకుంటున్న ఆడవాళ్లని వెనక్కి పిలిచి చీర కొనిపించిన ఘనుణ్ణి. భవానీపురంలో నన్ను మించినవాడు లేడనుకుంటూ మర్నాడే గరిటె పట్టాను.

రాగి జావ కాచాను. బలానికి జీడిపప్పు, అరుగుదలకి వాము, రుచికి బెల్లం, ఎందుకైనా మంచిదని మిరియాలు వేశాను. రాజ్యశ్రీ గిన్నెలోకి తొంగిచూసి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏంటండీ ఇది?"

"జావ."

"జావకి అంత కోపమెందుకండీ? బుసలు కొడుతోంది!"

మా కొట్లో ఒక కిటుకుంది. బేరం కుదరకపోతే చీర మడిచేసి, "ఇది వేరేవాళ్లు తీసిపెట్టమన్నారులెండి" అంటాం. అంతే, కొనడానికొచ్చినావిడకి అదే చీర కావాలి. ఆ కిటుకే ప్రయోగించాను.

"నీకు కాదులే. ఎదురింటి కరీమున్నీసా గారు అడిగారు" అన్నాను గిన్నె మీద మూత పెడుతూ.

"అలాగా! మరి ఇంకా ఇక్కడే నిలబడ్డారేం? ఇచ్చి రండి!"

ఇరుక్కుపోయాను. వెళ్లి ఇచ్చాను. కరీమున్నీసా గారు మూత తీసి జావని చూసి, నన్ను చూసి, "అయ్యో పాపం" అంది. ఆ పాపం ఎవరి మీదో అప్పుడు నాకు తెలియలేదు.

కాసేపటికి గిన్నె వెనక్కొచ్చింది. మన వైపు ఖాళీ గిన్నె తిరిగివ్వడం ఎవరికీ చేతకాదు కదా! ఏం పెట్టి పంపారో చూద్దామంటే, సరిగ్గా అప్పుడే రాజ్యశ్రీ, "ఏవండీ, కొబ్బరి నీళ్లు తాగాలనుంది" అంది. అడగడమే మహాభాగ్యమని రోడ్డు మీదకి పరిగెత్తాను. వచ్చేసరికి గిన్నె కడిగి బోర్లించి ఉంది.

మర్నాడు సేమియా చేశాను. "నీకు కాదు." "ఇచ్చి రండి." ఆ మర్నాడు గోధుమరవ్వ. "నీకు కాదు." "ఇచ్చి రండి." గిన్నె తిరిగొచ్చే వేళకి రోజూ ఏదో ఒకటి తెమ్మని నన్ను రోడ్డు మీదకి తరిమేది. అయినా నా కిటుకు మీద నమ్మకం పోలేదు. కొనేవాళ్లు ఎక్కువైతేనే సరుక్కి గిరాకీ అని, ఆదివారం పొద్దున్నే పైవాటా రాజేశ్వరి పిన్నిగారికీ, కిందవాటా అబ్రహాము గారికీ, పక్కవాటా చౌడయ్య బాబాయికీ కూడా ఉప్మా పంచేశాను, రాజ్యశ్రీ కళ్లముందే!

మధ్యాహ్నానికి ఆ గిన్నెలన్నీ ఒక్కసారే తిరిగొచ్చాయి. అబ్రహాము గారు చేపల వేపుడు పంపారు. పిన్నిగారు ఇంగువ దట్టించిన పులిహోర. బాబాయి వెల్లుల్లి కారం పెట్టిన కాకరకాయ. ఇల్లంతా గుప్పుమంది! కిటికీలు తీశాను, ఫ్యాన్లు వేశాను, బుద్ధి తక్కువై అగరొత్తుల కట్ట మొత్తం వెలిగించాను.

రాజ్యశ్రీ మొహం పాలిపోయింది. నోటికి కొంగు నొక్కుకుని కరీమున్నీసా గారింట్లోకి పరిగెత్తింది.

నిజం చెప్తున్నాను, ఏడుపొచ్చింది. కడుపులో ఉన్న కాస్తా కక్కేస్తే బరువేం నిలుస్తుంది, చివరి కీమో ఎలా ఎక్కిస్తారు? నా తెలివి తగలెయ్య అని తిట్టుకుంటూ ఎదురింటి గుమ్మం ముందు నిలబడ్డాను. చాలాసేపటికి లోపల్నుంచి ఇద్దరాడవాళ్ల నవ్వులు వినిపించాయి.

తలుపు తోశాను. రాజ్యశ్రీ ఒక చేత్తో నిమ్మచెక్క వాసన చూస్తూ, ఇంకో చేత్తో చల్లటి పెరుగన్నం చెంచాతో తింటోంది. పైన దానిమ్మ గింజలు కూడానూ!

"తింటున్నావా!" అని అరిచాను.

"రోజూ తింటోంది కదా అన్నయ్య గారూ" అంది కరీమున్నీసా గారు. "మీ గిన్నె ఇటు రాగానే వదిన ఫోన్ చేసేది, తిరగమోత లేకుండా చల్లగా కాస్త ఏదన్నా పెట్టి పంపమని."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే మీరు వండటం మానేస్తారు. మీ జావ వెళ్లకపోతే నా పెరుగన్నం ఎలా వస్తుందండీ?" అంది రాజ్యశ్రీ. తర్వాత కాస్త గొంతు తగ్గించి, "అయినా మీరంత హుషారుగా గరిటె తిప్పుతుంటే, వద్దనడానికి నోరు రాలేదు" అంది.

"అయితే నా జావంతా ఏం చేశారండీ?" అని కరీమున్నీసా గారిని అడిగాను. లోపలి గదిలోంచి వాళ్లాయన ఖయ్యూమ్ గారు గట్టిగా దగ్గారు. నేనింక అడగలేదు.

ఆ వారం ఆస్పత్రిలో బరువు చూశారు. తగ్గలేదు సరికదా, కాస్త పెరిగింది! చివరి కీమో అనుకున్న రోజే ఎక్కింది. నేను వరండాలో వేసిన కేకకి సెక్యూరిటీ అతను పరిగెత్తుకొచ్చాడు.

ఆ కీమో తాలూకు వికారం కూడా నెమ్మదించాక, ఓ పొద్దున రాజ్యశ్రీ లేచి కూచుని, "ఏవండీ, నాకు ఆకలేస్తోంది" అంది. ఆకలి! ఆ మాట విని ఎన్నాళ్లయిందో! నాకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. "ఉండు, క్షణంలో తెస్తా" అంటూ వంటింట్లోకి ఉరికాను.

"అటు కాదండీ" అంది రాజ్యశ్రీ, వీధి గుమ్మం వైపు చెయ్యి చూపిస్తూ.